ఆడకూలి 400, మగకూలి 600: చట్టం ఒప్పుకుంటుందా? పర్లాకిమిడి వైపు వాళ్లు చెప్పండి

కాశీనగర్_అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లె. మా అమ్మ, పిన్ని పర్లాకిమిడిలో ఇళ్ల కట్టుబడి పనులకు వెళ్తారు. స్లాబు పోసే రోజు మిక్చర్ దగ్గర నుంచి పైదాకా ఆడా మగా ఒకే వరుసలో నిలబడి గమేళాలు అందిస్తారు. పక్కనున్న మనిషి మగవాడైతే ఆ గమేళాలో కాంక్రీటు ఎక్కువ పోయరు కదా. కానీ సాయంత్రం లెక్క చూస్తే మగవాళ్లకు 600, ఆడవాళ్లకు 400. స్లాబు మధ్యలో ఆపకూడదు కాబట్టి చీకటి పడినా పని సాగుతుంది, దానికి వేరే డబ్బు ఉండదు, టీ, బన్ను ఇస్తారు.

కాంట్రాక్టరు ఆంధ్ర వైపు మనిషి. అమ్మ అడిగితే "ఇది ప్రైవేటు పని, గవర్నమెంటు రేట్లు దీనికి ఉండవు" అన్నాడట. ఇంకోసారి అడిగితే "మీకు ఒడిశా రేటు అడగాలా, ఆంధ్ర రేటు అడగాలా, ముందు అది తేల్చుకోండి" అన్నాడట. నిజంగా ఏ రేటు వర్తిస్తుంది? ఎవరికి చెప్పుకోవాలి? గట్టిగా అడిగితే రేపటి నుంచి పిలవరేమోనని అమ్మకు ఒకటే టెన్షన్.

పాతపట్నం_మేస్త్రి

అమ్మా, నేను అవతల ఆంధ్ర వైపు నుంచి ముఠాని తీసుకొచ్చి పని చేయిస్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఇంటి యజమాని కాంట్రాక్టరుకు చదరపు అడుగు లెక్కన ఇస్తాడు. సిమెంటు రేటు, ఇనుము రేటు కాంట్రాక్టరు తగ్గించలేడు. మగకూలీకి 500 అంటే రాడు, హైదరాబాదో చెన్నైయో రైలెక్కేస్తాడు. ఆడమనిషి పిల్లల్ని, ముసలివాళ్లని వదిలి పోలేదు. ఇక మిగిలేది ఎక్కడో మీకే తెలుసు. బలం తక్కువని ఆడవాళ్లకు తక్కువ ఇస్తున్నామని పైకి అంటారు కానీ, ఇంకెక్కడికీ పోలేరని తెలిసే తక్కువ ఇస్తున్నారు.

అయితే ఒక మాట. సిమెంటు బస్తాలు దించడం, రాడ్డు వంచడం మా దగ్గర మగవాళ్లే చేస్తారు. దానికి ఎక్కువ ఇస్తే తప్పు పట్టగలరా? స్లాబు రోజు మాత్రం మీరన్నదే నిజం, పని అందరిదీ ఒకటే.

బరంపురం_వకీలు

అమ్మాయీ, చట్టం ఒప్పుకోదు. ఇది నిన్న మొన్న వచ్చిన నిషేధం కూడా కాదు. రాజ్యాంగం 39వ అధికరణలో స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం అని మొదటి నుంచీ ఉంది. 1976లో దానికి విడిగా ఒక చట్టమే చేశారు. ఆ చట్టాన్ని, 1948 నాటి కనీస వేతనాల చట్టాన్ని, వేతన చెల్లింపు, బోనస్ చట్టాలను కలిపి వేతనాల కోడ్, 2019 అని ఒకటి చేశారు. పార్లమెంటు 2019లోనే ఆమోదించినా, అమలులోకి వచ్చింది మాత్రం 2025 నవంబరు 21న.

మీ అమ్మగారి విషయంలో తప్పులు రెండు. వాటిని కలిపేస్తే కాంట్రాక్టరు సులభంగా తప్పించుకుంటాడు.

ఒకటి కనీస వేతనం. ఒడిశా ప్రభుత్వం 2024లో నైపుణ్యం అక్కర్లేని పనికి రోజుకు 352 నుంచి 450కి పెంచింది. కొంత నైపుణ్యం ఉన్న పనికి 500, నైపుణ్యం ఉన్న పనికి 550, అత్యంత నైపుణ్యం ఉంటే 600. దీని మీద ఏప్రిల్, అక్టోబరు నెలల్లో కరవు భత్యం సవరిస్తారు. అంటే 400 ఇవ్వడం ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా చట్టవిరుద్ధమే. పాత చట్టం ప్రభుత్వం జాబితాలో చేర్చిన పనులకే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ జాబితా తీసేశారు. కాబట్టి "ప్రైవేటు పని" అన్న మాటకు విలువ లేదు. పాత నోటిఫికేషన్ల రేట్లు కూడా కొత్తవి వచ్చేదాకా చెల్లుతాయి.

రెండోది సమానత్వం. రేపు కాంట్రాక్టరు భయపడి ఆడకూలిని కనీస వేతనం దాకా పెంచాడనుకోండి. కనీస వేతనం తప్పు పోతుంది, ఈ తప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఒకే పనికి పక్క మనిషికి 600 ఇస్తుంటే ఆమెకూ 600 ఇవ్వాలి. కోడ్‌లో మూడో సెక్షన్ ఇదే చెప్తుంది.

ఇక ఏ రాష్ట్రం రేటు అన్నది. పని ఎక్కడ జరిగితే అక్కడి రేటు. కాంట్రాక్టరుది ఏ ఊరైనా, కూలీది ఏ ఊరైనా సంబంధం లేదు. పర్లాకిమిడిలో స్లాబు పోస్తే ఒడిశా రేటు, అదే మీ అమ్మగారు పాతపట్నం వెళ్లి పోస్తే ఆంధ్ర రేటు.

చీకటి పడ్డాక చేసిన పనికి టీ, బన్ను సరిపోవు. మామూలు గంటలకు మించి చేయించుకుంటే రెట్టింపు రేటు ఇవ్వాలి.

గుసాని_రైతు

వకీలుగారూ, మీ మాటలు బాగున్నాయి. నేను చిన్న రైతుని. ఊడుపులకు ఆడవాళ్లని పిలుస్తాను, కోతలయ్యాక మోపులు మోయడానికి మగవాళ్లని పిలుస్తాను. తడి గట్టు మీద వరి మోపు నెత్తిన పెట్టుకుని నడవడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. ఇద్దరికీ ఒకే కూలి అంటే మోపులు మోసేవాడు నా పొలానికి రాడు.

ఎరువుకు, ట్రాక్టరుకు పెట్టుబడి ఏటా పెరుగుతోంది. ధాన్యానికి మద్దతు ధర మీద రాష్ట్రం క్వింటాకు 800 కలుపుతోందని అందరూ అంటారు. మండీలో టోకెను సమయానికి దొరికితేనే ఆ డబ్బు. దొరక్కపోతే దళారీకి అమ్ముకోవాలి. మేము కాంట్రాక్టర్లం కాదు, మిల్లు యజమానులం కాదు. మమ్మల్ని వాళ్లతో కలిపి చూడకండి.

రాయగడ_అక్క

బాబాయ్, మీ కష్టం నిజమే, కాదనను. కానీ మోపు బరువు గురించి చెప్పినట్టు ఊడుపు గురించి ఎవరూ చెప్పరెందుకు? పొద్దున దిగితే సాయంత్రం దాకా నడుము ఎత్తకుండా మోకాలి లోతు బురదలో వెనక్కి వెనక్కి జరుగుతూ నాటాలి. పైన వాన, కింద జలగలు. లోతుగా నాటితే పిలకలు రావు, పైపైన నాటితే మొక్క తేలిపోతుంది. మగవాళ్లని నాటమనండి, ఎంతమంది వరుస తప్పకుండా నాటగలరో చూడండి. అది చేతిలో ఉన్న పనితనం. మీ దిగుబడి అక్కడే మొదలవుతుంది. బరువు ఒక్కటే కొలత అయితే ఆ పనితనానికి వెల ఎవరు కడతారు?

బరంపురం_వకీలు

రైతుగారి ప్రశ్న గట్టిది, దానికి నిజాయితీగా జవాబు చెప్పాలి.

చట్టం పోల్చేది "అదే పని లేదా అదే తరహా పని"ని. అంటే కావలసిన నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకటే అయి, పని పరిస్థితులు కూడా ఒకేలా ఉండాలి. చిన్న చిన్న తేడాలుంటే అవి లెక్కలోకి రావు. గమేళాలు అందించే వరుస దీనికి సరిగ్గా సరిపోతుంది. ఊడుపునీ మోపు మోతనీ ఒకే పని అని వాదించడం కష్టం. బస్తాలు దించే పని గురించి మేస్త్రి అడిగినదానికీ ఇదే జవాబు. అయితే బస్తాలు దించిన రోజు ఎక్కువ ఇచ్చాను కాబట్టి స్లాబు రోజు కూడా ఎక్కువే ఇస్తానంటే కుదరదు.

మన చట్టంలో లోటు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒప్పందాన్ని భారత్ 1958లోనే ఆమోదించింది. అందులో ఉన్నది "సమాన విలువ గల పని". పనులు వేరైనా విలువ సమానమైతే వేతనం సమానం కావాలి. రాయగడ అక్క అడిగింది అదే. మన కోడ్ అంత దూరం పోలేదు, 2019లో మార్చే అవకాశం వచ్చినా మార్చలేదు.

కానీ రైతుగారూ, పని వేరైనా కనీస వేతనం తప్పదు. ఊడుపుకు పిలిచినా, కలుపుకు పిలిచినా అంతకు తగ్గకూడదు. వ్యవసాయం 1948 చట్టంలోనూ ఉంది. చిన్న రైతుకు కోడ్ ఇచ్చిన వెసులుబాటు ఒకటుంది. సేద్యానికి ఐదుగురికి మించకుండా పెట్టుకున్నవాళ్లు రిజిస్టర్లు, వేతన చీటీల పని పెట్టుకోనక్కర్లేదు, అడిగినప్పుడు కూలి ఇచ్చినట్టు రుజువు చూపిస్తే చాలు. కూలి తగ్గించే వెసులుబాటు మాత్రం లేదు.

గిట్టుబాటు కాదన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మెకినన్ మెకంజీ కంపెనీలో లేడీ స్టెనోగ్రాఫర్లకు మగ స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ జీతం ఇచ్చేవారు. ఆడ్రీ డికోస్టా అనే ఉద్యోగిని కేసు వేశారు. యూనియన్‌తో ఒప్పందం కుదిరాకే ఆ జీతాలు పెట్టామని కంపెనీ చెప్పింది, ఆర్థిక స్థితి బాగాలేదని కూడా చెప్పింది. 1987లో కోర్టు రెండు వాదనలనూ కొట్టేసింది. సమాన వేతనం యజమాని స్తోమతను బట్టి వర్తించేది కాదని తేల్చింది. రైతుకు ధర సరిగా రావాలన్న పోరాటంలో నేను మీ వెంటే ఉంటాను. ఆ లోటు ఊడుపు కూలీ జేబులోంచి పూడ్చడం మాత్రం న్యాయం కాదు.

గుసాని_రైతు

ఊడుపు కష్టం కాదని నేను అనలేదమ్మా. మా ఇంటి ఆడవాళ్లూ నాటుతారు. ఊరంతా ఒక రేటు మాట్లాడుకుంటే నేనూ ఇస్తాను. నేనొక్కడినే పెంచితే మిగతా రైతులు నా మీద పడతారు, అదీ మా ఊళ్లో ఉన్న ఇబ్బంది.

సిరొంచ_చెల్లె

గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి. మా దగ్గర పనుల్లేనప్పుడు మిర్చి ఏరడానికి గోదావరి దాటి తెలంగాణ వైపు పోతాం. అక్కడ కిలోల లెక్కన కూలి. మొదటి కోతలో కాయ బాగుంటే మంచిగనే పడుతుంది. చివరి కోతలో కాయ ఉండదు, పొద్దంతా ఏరినా డబ్బులు సగం కూడా రావు. కిలో లెక్కన పని చేసేవాళ్లకు కనీస వేతనం ఉంటదా?

బరంపురం_వకీలు

ఉంటుంది చెల్లీ. మీరు చేసే పనికి ప్రభుత్వం రోజు రేటే పెట్టి, కిలో రేటు విడిగా పెట్టకపోతే, కిలో లెక్కన చేయించుకున్నా రోజు రేటుకు తగ్గకుండా ఇవ్వాలి. పని తెలంగాణలో కాబట్టి తెలంగాణ రేటు.

మగ్గం_ఇంటి_కోడలు

మాది బరంపురం, పట్టు నేసే ఇల్లు. మా అత్తగారు పొద్దున లేచింది మొదలు నూలు తోడడం, కండెలు చుట్టడం. నేనూ అంతే. చీర పూర్తయితే మజూరీ మా మావగారి చేతికి వస్తుంది. ఒక చీరలో మా ఆడవాళ్ల పని లేకుండా ఒక్క అంగుళం కూడా ముందుకు కదలదు. కానీ ఎక్కడా మా పేరు ఉండదు, నేతగాడు అని ఒక్కరి పేరే రాస్తారు. మీరు 400, 600 తేడా గురించి మాట్లాడుతున్నారు. మాది సున్నా. దీనికి చట్టంలో చోటు ఎక్కడ?

రాయగడ_అక్క

కోడలా, నీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను. ఇంట్లో పని అనుకుంటే చట్టం లోపలికి రాదు. మాస్టర్ వీవరు నూలు ఇచ్చి నేయించుకుంటుంటే అది ఆయన పని. చీర మజూరీ లెక్క కట్టేటప్పుడు కండెలు చుట్టడం, నూలు తోడడం విడిగా రాయించాలి, మీ పేరు మీద. మీ వీధిలో నాలుగైదు ఇళ్లు కలిసి అడిగితే రాయక తప్పదు. పుస్తకంలో పేరు లేని మనిషికి ఏ ఆఫీసూ జవాబు చెప్పదు. నేత కార్డులకైనా, ఇంకే పథకానికైనా ముందు ఆ పేరే అడుగుతారు.

నా సంగతి కూడా చెప్తాను. రాయగడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ చేస్తాను, కాంట్రాక్టరు కింద. మగవాళ్లని అటెండర్ అని, మమ్మల్ని ఆయా అని రిజిస్టర్లో రాశారు. స్ట్రెచర్ తోసేది, వార్డు కడిగేది, రక్తం పడిన దుప్పట్లు ఎత్తేది ఇద్దరమూ. జీతంలో మాత్రం తేడా. మేము యూనియన్ ద్వారా లేబర్ ఆఫీసులో కాగితం పెట్టాం. కాంట్రాక్టరు పోస్టులు వేరు అన్నాడు. అప్పుడు మేము డ్యూటీ చార్టులు బయట పెట్టాం. ఒకే షిఫ్టులో, ఒకే వార్డులో, ఒకే పని ఎదురుగా ఆడ పేరు, మగ పేరు పక్కపక్కనే ఉన్నాయి. ఆ కాగితాల ముందు పోస్టు పేరు నిలబడలేదు. తేడా తీసేశారు, బకాయిలో కొంత వచ్చింది, మిగిలినదానికి ఇంకా తిరుగుతున్నాం.

కొరాపుట్_పోస్టు

ఉపాధి హామీ పనుల్లో మొదటి నుంచీ ఆడా మగా ఒకే రేటు. అది వచ్చాక మా వైపు పల్లెల్లో ఆడవాళ్లు బయట పనికి కూడా "అక్కడ సమానంగా ఇస్తున్నారు కదా" అని అడగడం మొదలైంది. కానీ ఆ రేటు చూడండి. 2025-26లో ఒడిశాకు 273, పక్కనే ఆంధ్ర, తెలంగాణలకు 307. రాష్ట్ర ప్రభుత్వమే కనీసం 450 అని చెప్పిన చోట ప్రభుత్వ పనికే 273 ఇస్తే ప్రైవేటువాడు ఎందుకు భయపడతాడు?

బరంపురం_వకీలు

సరైన మాట. వేతనాల కోడ్ 2005 నాటి ఉపాధి హామీ చట్టాన్ని తాకదని కోడ్‌లోనే రాసి ఉంది, అందుకే ఆ రెండు రేట్లు పక్కపక్కనే సాగాయి. ఇది సమర్థించుకోదగ్గది కాదు. 1983లో సంజిత్ రాయ్ కేసులో, రాజస్థాన్ కరవు పనుల్లో కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చినప్పుడు, అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టితో సమానమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆకలితో వచ్చినవాడు ఎంతకైనా ఒప్పుకుంటాడు, ఆ ఒప్పుకోలు నిజమైన ఒప్పుకోలు కాదన్నదే ఆ తీర్పు సారం.

దానికి ముందు, 1982లో, ఢిల్లీ ఏషియాడ్ స్టేడియాల కట్టుబడి కూలీల కేసు. అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. జమాదార్లు అందులోంచి మనిషికి రూపాయి తీసుకుంటున్నారని, ఆడవాళ్లకు 7 రూపాయలే ఇస్తున్నారని కోర్టుకు ఫిర్యాదు వెళ్లింది. మధ్యవర్తి కోత, ఆడవాళ్ల కోత రెండూ అప్పుడూ ఉన్నాయి.

కాశీనగర్_అమ్మాయి

అమ్మకు, పిన్నికి ఇవన్నీ చదివి వినిపించాను. ఇప్పుడు అసలు సమస్య. మా దగ్గర కాగితం ఏమీ లేదు. చేతికి డబ్బులు ఇస్తాడు, సంతకం లేదు, చీటీ లేదు. 400 ఇచ్చాడని ఎలా చూపించాలి? ఒంటరిగా వెళ్తే పని పోతుంది. కాంట్రాక్టరు "నేను ఇవ్వను, ఏం చేసుకుంటారో చేసుకోండి" అంటే?

రాయగడ_అక్క

కాగితం లేదని ఆగకు తల్లీ. కూలి తక్కువ ఇచ్చారని క్లెయిము వేస్తే, పూర్తిగా ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. ఇది కోడ్‌లో 59వ సెక్షన్. చీటీ ఇవ్వకపోవడం అతని తప్పు, మీది కాదు.

అయినా మీ వైపు నుంచి ఒక నోటుపుస్తకం మొదలుపెట్టండి. తేదీ, ఎవరి ఇల్లు, ఏ పని, ఎప్పుడు ఎక్కారు, ఎప్పుడు దిగారు, ఆ రోజు వరుసలో ఎవరెవరు ఉన్నారు, ఆడవాళ్లకు ఎంత, మగవాళ్లకు ఎంత. అమ్మకు రాయడం రాకపోతే నువ్వు రాయి, రోజూ రాయి. ఫోన్లో స్లాబు రోజు ఫొటో ఒకటి తీసిపెట్టుకోండి. ఆడా మగా ఒకే వరుసలో ఉన్న ఫొటో చాలా పని చేస్తుంది. నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు లేకపోతే అదీ చేయించు. ఏడాదిలో 90 రోజులు కట్టుబడి పని చేసినవాళ్లకు ఇస్తారు.

ఒంటరిగా వెళ్లనక్కర్లేదు. ఒకే చోట పని చేసిన వాళ్లందరి తరఫున ఒకే అర్జీ పెట్టొచ్చు. రిజిస్టరైన యూనియన్ కూడా పెట్టొచ్చు, ఇన్‌స్పెక్టరైనా పెట్టొచ్చు. యూనియన్ పేరుతో వెళ్తే ఏ ఒక్క మనిషి మీదా కాంట్రాక్టరు కక్ష పెట్టుకోలేడు. పర్లాకిమిడిలో జిల్లా లేబర్ ఆఫీసర్ దగ్గరికి ముందు వెళ్లండి. తెలుగులో చెప్పినా వింటారు, అర్జీ మాత్రం ఒడియాలోనో ఇంగ్లిషులోనో రాయించండి, అక్కడ త్వరగా కదులుతుంది.

బరంపురం_వకీలు

అక్క చెప్పినదానికి కొంచెం చేర్పు. క్లెయిముకు మూడేళ్ల గడువు ఉంది, కాబట్టి పాత స్లాబులు కూడా గుర్తున్నంత వరకు రాయండి. తేల్చే అధికారి గెజిటెడ్ హోదాకు తగ్గకూడదు. తక్కువ ఇచ్చిన మొత్తంతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేయగలరు. శిక్ష వేరే. మొదటిసారి 50,000 దాకా జరిమానా. ఐదేళ్లలో మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కాంట్రాక్టరు ఎగ్గొడితే, అతనికి పని అప్పగించిన సంస్థ ఇవ్వాలి. అందుకే ఎవరి కట్టడమో పుస్తకంలో తప్పకుండా రాయమన్నారు అక్క.

పాతపట్నం_మేస్త్రి

నా ముఠాలో మగవాళ్లకి ఈ చర్చ చదివి చెప్పాను. వాళ్ల భయం వేరు. సమానం చేయమని అడిగితే కాంట్రాక్టరు ఇద్దరికీ 500 అంటాడని, వాళ్ల వంద పోతుందని. అందుకే ఆడవాళ్ల తరఫున మాట్లాడటానికి వెనకాడుతున్నారు. ఇది జరగదని చెప్పగలరా?

బరంపురం_వకీలు

చెప్పగలను మేస్త్రీ. సమానం చేయడం కోసం ఎవరి వేతనమూ తగ్గించకూడదని మూడో సెక్షన్‌లోనే ఉంది. 400ని 600 చేయాలి తప్ప 600ని 500 చేయడానికి వీల్లేదు. ఈ ఒక్క మాట మీ ముఠాలో అందరికీ చెప్పండి. మగవాళ్లు కూడా ఆ అర్జీ మీద సంతకం పెడితే, స్లాబు వరుసలో పని ఒకటే అనడానికి వాళ్లే సాక్షులు అవుతారు.

పాతపట్నం_మేస్త్రి

నేను సంతకం పెడతాను. అమ్మాయీ, మీ అమ్మగారి వాళ్లు చేసిన స్లాబుల్లో మా ముఠా కలిసి చేసినవి ఉన్నాయేమో చూడు. ఆ రోజుల హాజరు నా డైరీలో ఉంటుంది, ఎవరికెంత ఇచ్చారో కూడా రాసి ఉంది. పేజీలు ఫొటో తీసి పంపిస్తాను.

కాశీనగర్_అమ్మాయి

చాలా మేలు చేస్తున్నారు బాబాయ్. అమ్మతో పని చేసే ఆడవాళ్లలో చాలామంది పేర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు, ఇద్దరు ఇంకా ఆలోచిస్తున్నారు. రాయగడ అక్కా, యూనియన్ వాళ్లతో మాట్లాడటానికి ఏ రోజు రమ్మంటారో చెప్పండి, సంత రోజు కాకుండా.